గోడౌన్ ప్లాట్‌ఫామ్ మీద ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలు జరగకుండా ఎలా చూసుకోవాలి?

విజయవాడ దగ్గర ఎనికేపాడు, నిడమానూరు, గొల్లపూడి వైపు గోడౌన్లు నడిపేవాళ్లు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల సూపర్‌వైజర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చాం, పని తొందరగానే అవుతోంది. కానీ లోడింగ్ జరుగుతున్నంతసేపూ ఎవరికి ఏమవుతుందోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చాలామంది డ్రైవర్ దగ్గర మొదలుపెడతారు. పొద్దున్నే పిలిచి "మెల్లగా నడుపు" అని చెప్పి, అక్కడితో అయిపోయిందనుకుంటారు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది లారీ దగ్గర. ప్లాట్‌ఫామ్ దగ్గర జరిగే ఘోరాల్లో ఎక్కువ వాటికి కారణాలు రెండే: కదలకూడనప్పుడు లారీ కదలడం, బండి తిరిగే దారిలో మనుషులు ఉండటం. ఈ రెండూ సరిచేశాకే మిగతావి. కింద చెప్పేది ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పలకలు) ఎత్తే మామూలు ఫోర్క్‌లిఫ్ట్ గురించి, అంటే డ్రైవర్ కూర్చుని నడిపే, వెనక బరువు ఉండే రకం గురించి.

కావలసినవి

- ఒక్కో లారీకి రెండు అడ్డుదిమ్మలు. రబ్బరువైనా గట్టి చెక్కవైనా ఏటవాలుగా ఉండాలి. రోడ్డు పక్కన దొరికిన రాయి పనికిరాదు, బరువు పడితే జారిపోతుంది. దిమ్మకు గొలుసు కట్టి ప్లాట్‌ఫామ్‌కే తగిలించండి, లేకపోతే వారంలో మాయమవుతుంది.
- లారీ తాళాలు తగిలించడానికి మేకుల బోర్డు. ఒక్కో మేకుకు బే (ప్లాట్‌ఫామ్ దగ్గర లారీ ఆగే చోటు) నంబరు రాసి ఉండాలి.
- పసుపు పెయింటు, ప్లాట్‌ఫామ్ అంచున కట్టడానికి ఇనుప గొలుసు లేదా తీసి పెట్టుకోగల పైపు అడ్డం.
- లారీకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య వేసే ఇనుప ప్లేటు. డాక్ లెవెలర్ (ప్లాట్‌ఫామ్‌కే బిగించి, లారీ ఎత్తుకు తగ్గట్టు పైకీ కిందికీ కదిలే పలక) ఉంటే ఇది అక్కర్లేదు.
- మెరిసే జాకెట్లు, ముందు భాగంలో ఇనుప తొడుగు ఉన్న బూట్లు.
- ఒక నోట్‌బుక్, పెన్ను, ఫస్ట్ ఎయిడ్ పెట్టె.

ఇందులో ఖరీదైనది ప్లేటు ఒక్కటే. ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. కానీ ఎంత బరువు మోయాలో ముందే లెక్కగట్టి చెప్పి చేయించండి. కంటి అంచనాతో వద్దు.

1. లారీ తాళం మీ చేతికి రావాలి

లారీ ప్లాట్‌ఫామ్‌కు ఆనగానే ఇంజన్ ఆపించండి. గేరు వేయించి, హ్యాండ్‌బ్రేక్ లాగించి, తాళం తీసుకుని బోర్డుకు తగిలించండి. తర్వాత వెనక చక్రాలకు రెండు పక్కలా, బండి ముందుకు జరగకుండా దిమ్మలు పెట్టించండి. ఇవన్నీ అయ్యాకే ప్లాట్‌ఫామ్ అంచున ఉన్న గొలుసు తీయాలి.

ఇంత అవసరమా అని అడుగుతారు. అవసరమే. ఫోర్క్‌లిఫ్ట్ లారీలోకి వెళ్లి బ్రేకు వేసిన ప్రతిసారీ లారీని కొంచెం ముందుకు తోస్తుంది. అలా పది ప్యాలెట్లు ఎక్కేసరికి లారీకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య సందు పెరిగిపోతుంది. ఎయిర్ బ్రేకుల్లో గాలి దిగుతున్న పాత లారీ అయితే ఇంకా త్వరగా జరుగుతుంది. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. పేపర్ల మీద సంతకాలైపోయాయి కదా, లోడింగ్ అయిపోయిందనుకుని లారీ డ్రైవర్ బండి తీసేస్తాడు. ఆ సమయానికి ఫోర్క్‌లిఫ్ట్ ముందు చక్రాలు లారీలో, వెనక చక్రాలు ప్లాట్‌ఫామ్ మీద ఉంటాయి. 3 టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీగానే 4 టన్నులకు పైగా ఉంటుంది. అది నాలుగడుగుల ఎత్తు నుంచి పడితే లోపలున్న మనిషి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

తాళం తిరిగి ఇచ్చే పని ఒక్కరిదే అయి ఉండాలి. ఆ మనిషి లారీ బాడీ లోపలికి తొంగిచూసి, లోపల ఎవరూ లేరని తేల్చుకుని, గొలుసు మళ్లీ పెట్టించి, దిమ్మలు తీయించాకే తాళం ఇవ్వాలి. "నువ్విచ్చెయ్, నేను చూసుకుంటా" అనే మాట ఇక్కడ చెల్లదు.

*తాళం ఇవ్వనంటే?* ఏసీ వేసుకుని కేబిన్‌లో పడుకుంటానని కొందరు లారీ డ్రైవర్లు పేచీ పెడతారు. వాళ్లకు నీడలో ఒక బెంచీ, ఫ్యాను, మంచినీళ్లు ఏర్పాటు చేయండి. మే నెల ఎండలో అది కూడా లేకుండా దిగమంటే ఎవరూ దిగరు. డ్రైవర్ దిగాకే లోడింగ్ మొదలుపెట్టాలి. ముందు బండి విప్పేసి ట్రెయిలర్ ఒక్కటే వదిలి వెళ్తే, దాని ముక్కు కింద జాక్ స్టాండు తప్పనిసరి. లేకపోతే ఫోర్క్‌లిఫ్ట్ ముందు చివరికి వెళ్లినప్పుడు ట్రెయిలర్ ముక్కు నేలకు వాలుతుంది.

2. లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనకాల ఎవరూ ఉండకూడదు

క్లీనర్ లారీ వెనక నిలబడి "రానీ... రానీ... హోల్డాన్" అంటూ చెయ్యి ఊపుతుంటాడు. అతని వీపు వెనక ప్లాట్‌ఫామ్ గోడ. బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే అతను తప్పుకోవడానికి చోటుండదు. ప్లాట్‌ఫామ్‌కు రబ్బరు దిమ్మలు బిగించి ఉన్నా వాటివల్ల మిగిలే సందు మనిషి ఛాతీకి సరిపోదు.

సైగ చేసే మనిషి డ్రైవర్ వైపు, పక్కగా, అద్దంలో కనిపించేలా నిలబడాలి. లారీ డ్రైవర్లకు ఒకే ఒక్క మాట చెప్పండి: అద్దంలో మనిషి కనిపించకపోతే ఆపెయ్. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పైనుంచి సైగ చేసినా ఫర్వాలేదు, కింద మాత్రం వద్దు.

ఇంకొకటి. మధ్యాహ్నం ఎండకు లారీ నీడలో, ఒక్కోసారి లారీ కిందే, ముఠా కూలీలూ క్లీనర్లూ నడుం వాలుస్తారు. బండి తీసే ముందు ఒకరు చుట్టూ తిరిగి, వంగి, కింద చూసి రావాలి. హారన్ కొడితే చాలదు. అలసి పడుకున్న మనిషికి హారన్ వినిపిస్తుందన్న నమ్మకం లేదు.

3. ప్లేటు వేయడం

డాక్ లెవెలర్ ఉన్నచోట దాని పెదవి (ముందు అంచు) లారీ బాడీ మీద పూర్తిగా ఆనిందో లేదో చూడండి, అంతే. మన వైపు చాలా గోడౌన్లలో ఉండేది ఇనుప ప్లేటే కాబట్టి దాని గురించే చెప్తాను.

ప్లేటు మీద అది మోసే బరువు పెద్ద అంకెల్లో రాసి ఉండాలి. ఆ అంకె సరుకు బరువు ఒక్కదానికే కాదు, బండి బరువు కూడా కలిపి చూసుకోవాలి. 4 టన్నుల పైచిలుకు ఫోర్క్‌లిఫ్ట్, 1,500 కిలోల ప్యాలెట్ కలిస్తే ఆరు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. సరుకు ఎత్తి ఉన్నప్పుడు అందులో చాలా భాగం ముందు రెండు చక్రాల మీదే పడుతుంది. లారీ నేల చెక్కలు కూడా ఇదే బరువు మోయాలి. పుచ్చిన చెక్క, ఊడిన రేకు, తడి మచ్చ కనిపిస్తే ఆ లారీలోకి ఫోర్క్‌లిఫ్ట్ పంపకండి. అంచు దగ్గర ప్యాలెట్ దింపి, లోపలికి హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కుతో తోయించండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ప్లేటు రెండు వైపులా కనీసం జానెడు ఆనాలి. అడుగున, సందులోకి దిగే ఇనుప పట్టీలు వెల్డ్ చేసి ఉండాలి. అవి లేని ప్లేటు చక్రాల తోపుడుకు జరుగుతూ జరుగుతూ ఒక వైపు ఊడిపోతుంది. లారీలో సరుకు పెరిగేకొద్దీ బాడీ కిందికి దిగుతుంది, దించేటప్పుడు పైకి లేస్తుంది. అందుకే నాలుగైదు ప్యాలెట్లకోసారి ప్లేటు ఎలా ఉందో చూడాలి. ప్లేటు సర్దేటప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ ఆగి ఉండాలి, వేళ్లు సందులో పెట్టకూడదు. ఇద్దరు పట్టుకునేలా పిడులు చేయించుకుంటే నడుములూ బతుకుతాయి, వేళ్లూ బతుకుతాయి.

4. మనుషుల దారి వేరు, బండి దారి వేరు

గోడౌన్ తలుపు నుంచి ప్లాట్‌ఫామ్ వరకు గోడవారగా మనుషులు నడిచే దారి పసుపు గీతలతో గీయండి. వీలైతే గీతకు బదులు పైపు రెయిలింగ్ పెట్టండి. గీత మీద సరుకు పెట్టేస్తారు, రెయిలింగ్ మీద పెట్టలేరు. మంచినీళ్ల కుండ, హాజరు పుస్తకం, చెప్పుల స్టాండు ఎక్కడున్నాయో చూడండి. అవి బండి దారికి అవతల ఉంటే, ఎన్ని గీతలు గీసినా జనం అడ్డంగానే నడుస్తారు. గీతలు గీయకముందే నీళ్ల కుండ ఇవతలికి మార్చండి.

ఫోర్క్‌లిఫ్ట్ పనిచేస్తున్న లారీలో హమాలీలు ఉండకూడదు. చేత్తో సర్దే పని ఉంటే బండి బయటికి వచ్చి, ఫోర్కులు (సరుకు ఎత్తే రెండు ఇనుప చేతులు) దించి, ఆగాక లోపలికి వెళ్లాలి. అందరూ పట్టించుకోకుండా వదిలేసేది ఈ నియమాన్నే. బస్తా లెక్కన కూలీ అయినప్పుడు ఆగమంటే ముఠా మేస్త్రి ఒప్పుకోడు. అతనితో రేటు మాట్లాడేటప్పుడే ఈ ఆగే సమయం కూడా మాట్లాడుకోండి.

ఊడ్చేవాళ్లను మర్చిపోకండి. రాలిన గింజలో, మిరపకాయలో ఏరుకుంటూ వంగి ఉండే ఆడవాళ్లు డ్రైవర్‌కు కనిపించరు. ఎదురుగా ఎత్తైన ప్యాలెట్ ఉంటే నిలబడి ఉన్న మనిషే కనిపించడు. లోడింగ్ ఆగినప్పుడే ఊడ్పించండి.

గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే మెల్లగానే ఉన్నట్టుంటుంది. కానీ బండి సెకనుకు దాదాపు 3 మీటర్లు ముందుకొస్తుంది. డ్రైవర్ చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. మనుషులు తిరిగే చోట నడక వేగమే సరి.

5. పొద్దున్నే బండి తనిఖీ

డ్రైవర్ తాళం తిప్పే ముందు, తిప్పాక ఇవి చూడాలి:

- ఫోర్కుల మడత. ఫోర్కు నేలకు రాసుకుని అరిగేది అక్కడే. అరగని నిలువు భాగం మందం, మడత దగ్గర మందం కొలిచి పోల్చండి. 40 మిల్లీమీటర్లది 36కు వచ్చిందంటే పదో వంతు పోయినట్టే, ఆ ఫోర్కు మార్చాలి. వెల్డింగ్ చేసి వాడొద్దు.
- మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ జరిగే నిలువు చట్రం) గొలుసులు. రెండూ సమానంగా బిగుతుగా ఉండాలి. 3 శాతం సాగితే మార్చాల్సిందే. కొలవడం మెకానిక్ పని.
- బ్రేకు, హ్యాండ్‌బ్రేకు, హారన్, వెనక్కి వెళ్లేటప్పుడు మోగే అలారం, లైట్లు.
- కింద నూనె చుక్కలు, టైర్ల కోతలు.
- సీటు బెల్టు.

అలారం గోల భరించలేక వైరు పీకేయడం, బెల్టును సీటు వెనక నుంచి ముందే పెట్టేసి దాని మీద కూర్చోవడం మన దగ్గర మామూలే. బెల్టు మడతల్లో దుమ్ము పేరుకుని ఉంటే దాన్ని వాడటం లేదని అర్థం.

డీజిల్ బండిని మూసిన గదిలో నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి వచ్చేదాకా తెలియదు. కోల్డ్ స్టోరేజీ లోపలికైతే బ్యాటరీ బండే. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. చల్లటి గది తలుపు దగ్గర బయటి గాలి తగిలి నేల చెమ్మగిల్లుతుంది. బ్రేకు వేస్తే బండి జారేది అక్కడే. ఆ నాలుగడుగుల మేర మాటిమాటికీ తుడిపించండి.

6. బరువు ఎంత, ఎక్కడ?

బండి మీద ఒక రేకు ప్లేటు బిగించి ఉంటుంది. 3,000 కిలోలు అని రాసి ఉంటే, పక్కనే 500 మిల్లీమీటర్లు అని కూడా ఉంటుంది. అంటే సరుకు బరువు మధ్యభాగం ఫోర్కు నిలువు నుంచి అర మీటరులో ఉన్నప్పుడే ఆ 3 టన్నులు. పొడవైన సరుకు ఎత్తితే మధ్యభాగం 750కి జరుగుతుంది. అప్పుడు అదే బండి సుమారు 2,400 కిలోలు మాత్రమే ఎత్తగలదు. మాస్ట్ ఎత్తు పెరిగినా తగ్గుతుంది. కచ్చితమైన అంకె మీ బండి ప్లేటు మీదే చూడండి.

మిర్చి టిక్కీ (బస్తా) 40–45 కిలోలు ఉంటుంది. ప్యాలెట్ మీద 30 పేర్చితే 1,200 కిలోలు దాటుతుంది. బరువు లెక్కలో ఇది పెద్ద విషయం కాదు. కానీ టిక్కీలు మెత్తగా, ఉబ్బుగా ఉంటాయి కాబట్టి పైవరస ఊగుతుంది. అడ్డం ఒక వరస, నిలువు ఒక వరసగా పేర్చి, చుట్టూ తాడో ప్లాస్టిక్ చుట్టో వేయండి.

7. నడపడం, ఆపడం

ఫోర్కులు నేలకు జానెడు లోపే ఎత్తి, మాస్ట్ కొంచెం వెనక్కి వాల్చి వెళ్లాలి. ఎత్తి పట్టుకుని తిరగకూడదు, మలుపులో బోల్తా పడేది అప్పుడే. ఎదురుగా సరుకు అడ్డమొస్తే వెనక్కి నడపాలి. ర్యాంప్ మీద సరుకు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. ఖాళీ బండికి దీనికి తిరుగు, ఫోర్కులు పల్లం వైపు. ర్యాంప్ మీద తిప్పడం ఏ రకంగానూ వద్దు. ఈ బండికి తిరిగేవి వెనక చక్రాలు కాబట్టి మలుపులో తోక బయటికి ఊగుతుంది. పక్కన నిలబడ్డవాళ్ల కాళ్లకు తగిలేది అదే.

బండి ఒరిగిపోతుంటే దూకొద్దు. దూకాలనిపిస్తుంది, కానీ దూకినవాడి మీదే పైకప్పు ఇనుప చట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, ఒరుగుతున్న దిక్కుకు ఎదురు దిక్కుగా వాలాలి. నిలబడి నడిపే బండికి ఇది వర్తించదు, అందులో వెనక్కి దిగిపోవాలి.

ఆపినప్పుడు ఫోర్కులు నేలకు దించి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. తాళం బండికే వదిలేస్తే, కారు లైసెన్సు ఉన్న ప్రతివాడూ "ఒక్క ప్యాలెట్టే కదా" అని ఎక్కుతాడు. నేర్పించి, పరీక్షించి, మీరు రాతపూర్వకంగా అనుమతిచ్చినవాళ్లే నడపాలి. 18 ఏళ్లు నిండనివాళ్లను దగ్గరికి కూడా రానివ్వకండి.

ఎక్కువగా చేసే తప్పులు

బరువు ఎక్కువై వెనక చక్రాలు లేస్తుంటే, బండి వెనక ఇద్దరిని నిలబెట్టి ఎత్తించడం. ఆ ఇద్దరి బరువు దేనికీ చాలదు. సరుకు జారగానే బండి తోక కిందికి కొడుతుంది, వాళ్లు దాని కింద ఉంటారు. ఇది చూస్తే పని అక్కడికక్కడే ఆపేయండి.

పై వరసలో ఇరుక్కున్న బస్తా కోసం మనిషిని ఫోర్కుల మీద ఎక్కించడం. ప్యాలెట్ మీద నిలబెట్టినా అదే ప్రమాదం. చుట్టూ రెయిలింగ్ ఉన్న, ఫోర్కులకు లాక్ అయ్యే బోను ఉంటే తప్ప వద్దు. నిచ్చెన వాడండి.

లారీ లేనప్పుడు ప్లాట్‌ఫామ్ అంచు తెరిచి వదిలేయడం. రాత్రి షిఫ్టులో, వాన తడిలో బండి అంచు దాటి పడిపోయేది ఇలాంటప్పుడే.

ఎత్తిన ఫోర్కుల కింద నుంచి దూరి వెళ్లడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం గురించి విడిగా చెప్పక్కర్లేదు. ఇంకోటి, తక్కువమంది పట్టించుకునేది: పొద్దున్న లారీ ఎక్కించిన డ్రైవర్‌తోనే అర్ధరాత్రి ఆఖరి లారీ కూడా ఎక్కించడం. మిర్చి సీజన్‌లో ఇది రోజూ కనిపిస్తుంది. రెండో డ్రైవర్‌ను పెట్టుకోలేకపోతే ఆఖరి లారీ పొద్దున్నకు వాయిదా వేయండి.

సరిగా అమలవుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

చెప్పకుండా వెళ్లి చూడండి, అదీ సాయంత్రం ఆరు తర్వాత. ప్లాట్‌ఫామ్ దగ్గర ఎన్ని లారీలు ఉన్నాయో, బోర్డు మీద అన్ని తాళాలు ఉన్నాయా? దిమ్మలు చక్రాలకు ఆని ఉన్నాయా, పక్కన పడి ఉన్నాయా? పదిహేను నిమిషాలు ఒక మూల నిలబడి, బండి దారిని ఎంతమంది అడ్డంగా దాటారో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి. నెల తర్వాత అదే సమయంలో మళ్లీ లెక్కపెట్టండి. అంకె తగ్గకపోతే తప్పు మనుషులది కాదు, దారిది. నీళ్లో బాత్రూమో ఎక్కడున్నాయో మళ్లీ చూడండి.

స్తంభాలకు, తలుపు చట్రాలకు కొత్త గీతలు పడ్డాయేమో చూడండి. ఫోర్క్‌లిఫ్ట్ గోకిన గుర్తులు తేలిగ్గానే తెలుస్తాయి. ఇవాళ స్తంభానికి తగిలిన చోట రేపు మనిషి ఉండొచ్చు. తృటిలో తప్పిన ప్రతి సంఘటననూ రాయించండి. రాసినందుకు ఎవరినీ తిట్టకండి, ఒక్కసారి తిడితే మళ్లీ ఎవరూ రాయరు. రెండు వారాలుగా నోట్‌బుక్‌లో ఏమీ లేదంటే అంతా బాగుందని సంతోషించకండి, ఎందుకు రాయడం లేదో అడగండి.

అయినా ప్రమాదం జరిగితే

బండి ఆపి, తాళం తీయండి. కాలు చక్రం కింద ఉంటే కంగారుపడి బండిని వెనక్కి తీయకండి, చక్రం రెండోసారి ఎక్కుతుంది. జాకీతో ఎత్తి తీయండి. 108కి ఒకరు ఫోన్ చేయాలి, ఇంకొకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి. రక్తం పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. ఎత్తు నుంచి పడినా, నడుం నలిగినా మనిషిని కదిలించకండి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. నీళ్లూ సోడా తాగించొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. పైకి దెబ్బ కనిపించకపోయినా, బండికీ గోడకీ మధ్య నలిగిన మనిషిని ఆసుపత్రికి పంపాల్సిందే. లోపల రక్తస్రావం పైకి కనిపించదు.

తర్వాత ఫొటోలు తీయండి. సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకముందే కాపీ చేయండి. చూసినవాళ్ల పేర్లు, సమయం రాసుకోండి. మనిషి చనిపోయినా, గాయం తీవ్రమైనా పోలీసులకు చెప్పేదాకా బండిని కదిలించకండి.

ఈఎస్ఐ (కార్మికుల బీమా పథకం) ఉన్న కార్మికుడైతే ప్రమాదం వివరాలు వెంటనే ఈఎస్ఐకి పంపండి. విజయవాడలో ఈఎస్ఐ ఆసుపత్రి గుణదలలో ఉంది. పది మంది, ఆపైన పనిచేసే చోట నెలకు రూ. 21,000 వరకు జీతం ఉన్నవాళ్లు ఈ పథకం కిందికి వస్తారు. పనిలో జరిగిన గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం చొప్పున వస్తుంది. ఈఎస్ఐ లేనివాళ్లకు పరిహారం యజమానే ఇవ్వాలి. కాంట్రాక్టర్ తెచ్చిన మనిషి అయినా అసలు యజమానిని అడిగే హక్కు ఉంది, ఆ తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం యజమాని పని. ముఠా కూలీల విషయంలో పేచీ వచ్చేది ఇక్కడే. ఎవరి పేరు ఎవరి రిజిస్టర్‌లో ఉందో సీజన్ మొదలవకముందే ముఠా మేస్త్రిని కూర్చోబెట్టి రాయించుకోండి.